తోడు ఎక్కడిది?

పాఠకుల ప్రశ్నలకు నల్లగొండ నుంచి ఒక విశ్రాంత జంతుశాస్త్రం పంతులు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. పాముకాటు గురించి, బత్తాయి తోటల తెగుళ్ల గురించి రాసినవారు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: కృత్రిమ మేధ జీవాన్ని సృష్టించిందని ఒక వార్త మా ఇంట్లో గొడవ పెట్టింది. విశ్వామిత్రుడు ఆ పని ఎప్పుడో చేశాడని మా తాతయ్య అంటున్నారు. ఇక దేవుడితో పని లేదని మా అన్నయ్య అంటున్నాడు. మధ్యలో అన్నం చల్లారిపోతోంది. ఎవరిది సరైన మాట?
– డిగ్రీ విద్యార్థిని, హాలియా

జవాబు: అమ్మా, ముందు అన్నం తినండి. మీ తాతయ్యగారూ మీ అన్నయ్యా ఇద్దరూ శీర్షిక చదివి వాదించుకుంటున్నారు. శీర్షిక కింద ఉన్న కథ వేరు.

2025 సెప్టెంబరులో అమెరికాలోని ఆర్క్ ఇన్‌స్టిట్యూట్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక పత్రం బయటపెట్టారు. తోటి నిపుణుల పరిశీలన అప్పటికి ఇంకా దాటని ప్రతి అది. డీఎన్‌ఏ అక్షరాల మీద తర్ఫీదు పొందిన ఈవో అనే కృత్రిమ మేధకు ఫై ఎక్స్ 174 అనే వైరస్‌ను, దాని బంధువర్గాన్ని చూపించి, ఇలాంటివే కొత్తవి రాయమన్నారు. అది రాసినవాటిలో సుమారు 300 ఎంచి, ఆ అక్షరాల ప్రకారం డీఎన్‌ఏ తయారుచేసి, ఈ.కొలై అనే బాక్టీరియాలోకి పంపారు. 16 పనిచేశాయి. మందులకు లొంగని బాక్టీరియాను చంపడానికి ఇలాంటి వైరస్‌లు రేపు పనికిరావచ్చు. తక్కువ పనేమీ కాదు. నేను చప్పట్లు కొడతాను.

కానీ జీవాన్ని సృష్టించడమా? ఈ వైరస్‌కు సొంత ఇల్లు లేదు, పొయ్యి లేదు, గింజ లేదు. బాక్టీరియా ఇంట్లో దూరి, వాళ్ల పొయ్యి మీద వాళ్ల గింజలతోనే తన వంట వండించుకుని, చివరికి ఆ ఇంటినే పగలగొట్టి బయటికొస్తుంది. కంప్యూటరు రాసింది వంట చీటీ. వండింది ఈ.కొలై. ఆ ఈ.కొలైని ఎవరు చేశారు? ఎవరూ చేయలేదు. దానికి ముందున్న ఈ.కొలై రెండుగా చీలితే వచ్చింది. దానికి ముందు ఇంకొకటి.

మా ఆవిడ రాత్రి పాలు తోడుపెట్టేటప్పుడు నిన్నటి పెరుగు చెంచాడు వేస్తుంది. నిన్నటిదానికి మొన్నటిది. ఇలాంటి వార్త ఎప్పుడొచ్చినా నేను మొదట వెతికేది ఆ చెంచానే: తోడు ఎక్కడిది?

ఇంకో తమాషా చెప్పాలి. ఈ ఫై ఎక్స్ 174కు జీవసృష్టి వార్తల్లో వేషం వేయడం ఇది మొదటిసారి కాదు. 1967 డిసెంబరులో అదే స్టాన్‌ఫర్డ్‌లో ఆర్థర్ కార్న్‌బర్గ్ బృందం ఈ వైరస్ డీఎన్‌ఏను గాజు గొట్టంలో నకలు తీసింది. ఆ నకలు బాక్టీరియాలోకి వెళ్లి అసలుదానిలాగే పనిచేసింది. గొప్ప పని. అప్పటి అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఉత్సాహం పట్టలేక, స్టాన్‌ఫర్డ్ మేధావులు పరీక్షనాళికలో జీవాన్ని సృష్టించారని సభలో చెప్పేశారు. మర్నాటి పత్రికలకు ఇంకేం కావాలి? కార్న్‌బర్గ్ ఎదుట పెట్టుకుని నకలు తీసిన మాతృక ప్రకృతిలోని వైరస్‌దే. నకలు తీసిన ఎంజైమ్ ఈ.కొలై నుంచి వచ్చిందే. ఒకటి కాదు, రెండు చెంచాల తోడు. తర్వాత 1977లో ఫ్రెడరిక్ సాంగర్ బృందం దీని 5,386 అక్షరాలనూ చదివింది. పూర్తిగా చదివిన మొదటి డీఎన్‌ఏ జీనోమ్, అంటే మొత్తం జన్యు రాత, ఇదే. 2003లో క్రెయిగ్ వెంటర్ బృందం రెండు వారాల్లో దీన్ని రసాయనాలతో పేర్చింది. ఇప్పుడు కంప్యూటరు. పాపం, ఇంత చిన్న ప్రాణి మీద ఇన్ని శీర్షికలు.

తాతయ్యగారికి నా నమస్కారాలు చెప్పి ఒక మాట అడగండి: త్రిశంకుడి కోసం విశ్వామిత్రుడు కట్టిన స్వర్గానికి నమూనా ఎవరిది? ఇంద్రుడిదే కదా.

ప్రశ్న: మీరు ఎప్పుడూ తోడు తోడు అంటారు. మా అత్తగారింట్లో పెరుగు లేని రోజున గోరువెచ్చని పాలలో నాలుగు పచ్చిమిరపకాయ తొడిమలు వేస్తే పొద్దున్నకు పెరుగయింది. మరి తోడు లేకుండా తోడుకున్నట్టే కదా?
– గృహిణి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, ఈ ఒక్క ఉత్తరం కోసం నేను మూడు రోజులు వంటింట్లో తిట్లు తిన్నాను.

మూడు స్టీలు గిన్నెలు తీసుకున్నాను. పాలు బాగా పొంగించి, వేలు పెట్టగలిగేంత చల్లారాక సమానంగా పోశాను. మొదటి గిన్నెలో ఏమీ వేయలేదు. రెండోదాంట్లో ఆరు పచ్చి తొడిమలు. మూడోదాంట్లో ఆరు తొడిమలే, కానీ పావుగంట నీళ్లలో మరిగించినవి. మూతలు పెట్టి, గోనెసంచి చుట్టి, పొయ్యి గట్టు కింద పెట్టాను.

పొద్దున్నే చూస్తే రెండో గిన్నె తోడుకుంది. మెత్తగా, కొంచెం జిగురుగా ఉంది. చెంచాతో తీస్తే తీగ సాగింది. మా ఆవిడ వాసన చూసి, దీన్ని పెరుగనడానికి ఒప్పుకోనంది. మూడో గిన్నెలో పాలు పాలలాగే ఉన్నాయి. మొదటిదీ అంతే. కాబట్టి పని చేసింది తొడిమ కాదు, తొడిమ మీద కాపురం ఉంటున్నవి. తోటలో మొక్క మీద, తొడిమ ముడతల్లో పాలను పులియబెట్టే బాక్టీరియా ఉంటాయి. మరిగిస్తే చచ్చాయి. మీ అత్తగారు తోడు వేశారు, అది తోడని తెలియకుండా వేశారు, అంతే.

ఇక్కడితో ఆపితే నేను గెలిచినట్టు ఉంటుంది. కానీ మర్నాటి సాయంత్రానికి మొదటి గిన్నె, అంటే ఏమీ వేయనిది, పుల్లటి వాసన కొట్టింది! గుండె జారింది. విచారిస్తే తేలింది ఏమిటంటే, తాతయ్య ప్రయోగం ఎంతవరకు వచ్చిందో చూద్దామని మా మనవరాలు మూత తీసి చూసిందట. ఎన్నిసార్లంటే వేళ్లు లెక్కపెట్టి ఏడు అంది. ఒకసారి వేలు కూడా ముంచిందట.

నవ్వకండి. ఈ మూత దగ్గరే ఫ్రాన్స్‌లో 1860 ప్రాంతంలో పెద్ద యుద్ధం జరిగింది. మరిగించిన కషాయంలో జీవం తనంతట తానే పుడుతుందని పూషె అనే శాస్త్రవేత్త, పుట్టదని లూయీ పాశ్చర్ వాదించారు. పాశ్చర్ కూజా మెడను హంస మెడలా వంచాడు. గాలి వెళుతుంది, ధూళి వంపులో ఆగిపోతుంది. కషాయం అలాగే నిలిచింది. మెడ విరగ్గొడితే చెడిపోయింది. పుస్తకాల్లో కథ ఇక్కడ ముగుస్తుంది. కానీ పూషె అబద్ధాలకోరు కాదు. ఆయన వాడింది ఎండుగడ్డి కషాయం. గడ్డిలో ఉండే ఒక రకం బాక్టీరియా మరిగే నీటికీ చావని గట్టి బీజాలుగా మారి కూర్చుంటాయి. కాబట్టి ఆయన మరిగించినా అందులో నిజంగానే జీవం లేచింది. ఆ సంగతి జాన్ టిండల్ ఇంగ్లండులో 1877 ప్రాంతంలో తేల్చేదాకా ఎవరికీ సరిగ్గా తెలియదు. పూషె కళ్లు సరిగ్గానే చూశాయి. తోడు ఎక్కడ దాక్కుందో మాత్రం ఆయనకు కనబడలేదు. ఆ జాబితాలో మీ అత్తగారినీ చేర్చుకుందాం, అదేమీ అవమానం కాదు.

ప్రశ్న: ఎప్పుడూ ఇతరుల తప్పులే చెబుతారు. మీరెప్పుడైనా ఇలాంటి వార్త నమ్మి బోల్తా పడ్డారా?
– ఉపాధ్యాయుడు, దేవరకొండ

జవాబు: పడ్డాను. అదీ ఎర్ర సిరాతో.

2010 మే నెలాఖరు. వేసవి సెలవులు. అమెరికాలో క్రెయిగ్ వెంటర్ మనుషులు కృత్రిమ జీవాన్ని సృష్టించారని వార్త. నేను ఆ ముక్క కత్తిరించి దాచి, జూన్‌లో కాలేజీ తెరవగానే నోటీసు బోర్డుకు అంటించాను. పైన ఎర్ర సిరాతో, పెద్ద అక్షరాలతో, "మనిషే బ్రహ్మ!" అని రాశాను. తరగతిలో నలభై నిమిషాలు ఊగిపోయాను.

గంట కొట్టాక చింతపల్లి వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడు బోర్డు దగ్గర నిలబడి, నేను రాసింది కాకుండా కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదువుతున్నాడు. వాళ్లకు మేకల మంద ఉంది. "సార్, మైకోప్లాస్మా అంటే మా మేకల దగ్గు కదా? పశువుల డాక్టరు గారు చీటీ మీద ఇదే పేరు రాశారు. అది పాతదే కదా సార్, కొత్తగా ఎలా పుట్టింది?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నేను రెండో పేరా దాటి చదవలేదు.

ఇంటికెళ్లి చదివాను. కుర్రాడి అనుమానం సరిగ్గా ఎముకకే తగిలింది. మైకోప్లాస్మా మైకాయిడిస్ అనేది మేకలకు జబ్బు చేసే బాక్టీరియా. వెంటర్ బృందం దాని జీనోమ్‌ను, సుమారు 10.8 లక్షల అక్షరాలను, కంప్యూటరులోకి ఎక్కించుకుంది. అక్కడక్కడ కొన్ని మార్పులు చేసి, తమ గుర్తులు పెట్టి, దాదాపు అదే పాఠాన్ని చిన్నచిన్న ముక్కలుగా రసాయనాలతో తయారుచేయించింది. ఆ ముక్కలను ఎవరు కుట్టారు? ఈస్ట్ కణాలు. అవి బతికున్నవే. కుట్టిన పొడుగాటి డీఎన్‌ఏను ఎక్కడ పెట్టారు? మైకోప్లాస్మా కాప్రికోలమ్ అనే ఇంకో మేకల సూక్ష్మజీవిలో. అదీ బతికున్నదే. ఆ ఇంట్లోని యంత్రాంగం కొత్త పాఠాన్ని చదివి, క్రమంగా ఇంటినంతా దాని ప్రకారం మార్చుకుంది. తరాలు గడిచేకొద్దీ పాత కణం సరుకు పలచబడి పోయింది కాబట్టి అది కొత్త కణమేనని వెంటర్ పక్షం వాదన. ఆ వాదనలో పస ఉంది, కొట్టిపారేయను. దాదాపు 15 ఏళ్లు, 4 కోట్ల డాలర్లు పట్టిన పని. ఒక ముఖ్యమైన జన్యువులో ఒక్క అక్షరం జారిపోతే మొత్తం కణం లేవకుండా పడిపోయింది. ఆ ఒక్క అక్షరాన్ని వెతికి పట్టుకున్న ఓపికకు దండం పెట్టాలి.

అసలు వాళ్ల పత్రం పేరులో ఏముందో తెలుసా? రసాయనికంగా తయారైన జీనోమ్ నడిపించే బాక్టీరియా కణం సృష్టి అని. ఎంత కొలిచి రాశారో చూడండి. శూన్యం నుంచి జీవాన్ని చేయలేదని వెంటరే చెప్పారు. బ్రహ్మను చేసింది నేనూ, నాలాంటి శీర్షికల వాళ్లూ.

ఆ జీనోమ్‌లో వాళ్లు గుప్తంగా కొన్ని సూక్తులు కూడా రాసుకున్నారు. అందులో భౌతికశాస్త్రవేత్త ఫైన్‌మన్ మాట తప్పుగా పడిందట. ప్రాణం మీద ముద్రించిన ముద్రారాక్షసం! ఎర్ర సిరా వాడేవాడిని నేనొక్కడినే కాదని తెలిసి కాస్త ఊరట.

మర్నాడు బోర్డు మీది కాగితం నేనే చింపాను. ఆ కుర్రాడిని తరగతిలో లేపి మెచ్చుకుందామనుకుంటే ఆ రోజు రాలేదు. మేకలు ఈనాయట.

2016లో ఇదే బృందం ఆ జీనోమ్‌లో అనవసరమనుకున్నవన్నీ కోసేస్తూ వెళ్లి 473 జన్యువుల దగ్గర ఆగింది. వాటిలో 149 ఏం పని చేస్తాయో అప్పటికి తెలియదు. తీసేస్తే చస్తుంది, ఉంచితే ఎందుకుందో తెలియదు. మూడింట ఒక వంతు! బ్రహ్మ అనిపించుకున్నవాడికి తన సృష్టిలో మూడో వంతు ఏమిటో తెలియకపోవడం గురించి మీ పిల్లలకు చెప్పండి, పాఠం కన్నా బాగా గుర్తుంటుంది.

ప్రశ్న: యూరియా కోసం వరుసలో చెప్పులు పెట్టి చెట్టు కింద కూర్చున్నప్పుడు ఒకాయన చెప్పాడు. ఫ్యాక్టరీ యూరియా చచ్చినదట, ఆవు మూత్రంలోని యూరియాలో జీవశక్తి ఉంటుందట. ఆ శక్తిని మనిషి చేయలేడని శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారట. నిజమేనా?
– రైతు, తిప్పర్తి

జవాబు: అయ్యా, చెట్టు కింద కూర్చున్నాయన సరిగ్గా రెండు వందల ఏళ్ల వెనుక కూర్చున్నాడు.

అప్పట్లో పండితులూ అదే అనేవారు. ప్రాణి శరీరంలో తయారయ్యే పదార్థాలకు ఒక జీవశక్తి కావాలని, గాజు సామానుతో అవి రావని. 1828లో జర్మనీలో ఫ్రెడరిక్ వోలర్ అనే రసాయన శాస్త్రవేత్త అమ్మోనియం సైనేట్ చేయబోతే తెల్లటి పలుకులు వచ్చాయి. పరీక్షిస్తే అది యూరియా. మూత్రపిండం అక్కర్లేకుండా, మనిషో కుక్కో అక్కర్లేకుండా యూరియా చేశానని తన గురువు బెర్జీలియస్‌కు ఉత్తరం రాశాడు. మీ 45 కిలోల బస్తాలో ఉన్నది అదే అణువు. ఇప్పుడు అమ్మోనియా, బొగ్గుపులుసు వాయువు కలిపి చేస్తారు, పైన వేపనూనె పూత పూస్తారు. ఆవు మూత్రంలోని యూరియా అణువునూ, బస్తాలోని యూరియా అణువునూ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో బ్రహ్మ కూడా చెప్పలేడు. పశువుల ఎరువు నేలకు మేలు చేస్తుందంటే అందులోని సేంద్రియ పదార్థం, సూక్ష్మజీవులు, ఇతర పోషకాల వల్ల. యూరియాలో దాగిన ప్రాణం వల్ల కాదు.

ఈ ఉత్తరాన్ని కావాలనే ఎంచాను. జీవసృష్టి వార్తలను నేను అనుమానిస్తానని తెలిసి కొందరు నన్ను తమ జట్టులో కలుపుకుంటున్నారు. ప్రాణం ఒక మాయ, శాస్త్రం దాన్ని ముట్టుకోలేదు అనే జట్టు. అందులో నేను లేను. తోడు లేకుండా యూరియా వచ్చింది. 1953లో షికాగోలో స్టాన్లీ మిల్లర్ అనే యువకుడు నీటి ఆవిరి, మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్ ఉన్న గాజు బుడ్డీలో విద్యుత్తు మెరుపులు మెరిపిస్తే, ప్రోటీన్లకు ముడిసరుకైన అమైనో ఆమ్లాలు వచ్చాయి. వాటికీ తోడు లేదు. వాటిని నేను సంతోషంగా ఒప్పుకుంటాను. నా పేచీ చేసిన పనితో కాదు, చేయని పనికి కట్టిన తోరణంతో.

వరుసలో మీ చెప్పులు ఎన్నో స్థానంలో ఉన్నాయో రాయలేదు. బస్తా దొరికిందని ఆశిస్తాను.

ప్రశ్న: జరాయుజాలు, అండజాలు, స్వేదజాలు, ఉద్భిజ్జాలు అని మన పెద్దలు ప్రాణులను నాలుగు విధాలుగా చెప్పారు. చెమట నుంచి, తేమ నుంచి పుట్టే స్వేదజాలను మీ శాస్త్రం కొట్టివేసింది. పేడలో తేలు పుట్టడం తర్కశాస్త్రంలోనూ దృష్టాంతమే. ఆరుద్ర పురుగు సంగతేమిటి? వానతో పాటే పుడుతుంది కదా?
– విశ్రాంత తెలుగు పండితుడు, వనపర్తి

జవాబు: పండితులవారికి నమస్కారం. పెద్దలు చూసినదాన్ని చూసినట్టు రాశారు. పేడకుప్ప కదిలిస్తే తేలు కనబడుతుంది, ఆ వెచ్చదనానికీ పురుగులకూ అది అక్కడికి చేరుతుంది. యూరప్ పెద్దలూ మాంసంలోంచి పురుగు పుడుతుందనే అన్నారు. 1668లో ఇటలీలో ఫ్రాంచెస్కో రెడి జాడీల మీద పలుచటి గుడ్డ కట్టి, ఈగ వాలకపోతే పురుగు లేదని చూపించేదాకా. ఇందులో మనకూ వాళ్లకూ తేడా లేదు.

ఆరుద్ర పురుగంటే నాకు ప్రాణం. చిన్నప్పుడు ఆరుద్ర కార్తెలో తొలివాన వెలిసిన పొద్దున చెలకలోకి పరుగెత్తేవాళ్లం. తడిసిన ఎర్రమట్టి మీద ఎర్ర మఖ్మలు గుడ్డ కత్తిరించి చుక్కలు చుక్కలుగా చల్లినట్టు ఉండేవి. వేలు తగిలిస్తే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు నటిస్తాయి. అరచేతిలో పెట్టుకుని ఊపిరి బిగబట్టి చూస్తే మొదట ఒక కాలు, తర్వాత ఇంకోటి. అగ్గిపెట్టెలో గడ్డి వేసి దాచుకుంటే మర్నాటికి ముడుచుకుపోయి ఉండేవి. వానతో ఆకాశం నుంచి పడ్డాయనుకునేవాళ్లం. అవి సాలెపురుగు బంధువులు, ఎనిమిది కాళ్లవి. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉంటాయి. నేల తడవగానే మేతకూ జతకూ పైకి వస్తాయి, తిరిగి మట్టిలోనే గుడ్లు పెడతాయి.

ఇలాంటి పురుగే ఇంగ్లండులో ఒక పెద్దమనిషి కొంప ముంచింది. 1836లో ఆండ్రూ క్రాస్ అనే జమీందారు ఇంటి ప్రయోగశాలలో ఒక రాయి మీద రసాయన ద్రావణం కారుస్తూ విద్యుత్తు పంపి స్ఫటికాలు చేద్దామనుకున్నాడు. పద్నాలుగో రోజున తెల్లటి చుక్కలు. ఇరవై ఆరో రోజుకు అవి పురుగులు. రెండు రోజులకు కాళ్లు కదిపాయి. తాను ప్రాణం పోశానని ఆయన ఎక్కడా చెప్పుకోలేదు. కానీ వార్త పాకింది, దేవుడితో పోటీ పడుతున్నాడని ఊళ్లో తిట్లు, బెదిరింపులు వచ్చాయి. అవి ఇంటి ధూళిలోనో జున్నులోనో ఉండే పురుగులై, సామాను ద్వారా లోపలికి చేరి ఉంటాయన్నది నేటి అంచనా. మా మనవరాలి వేలు లాంటిదే.

ప్రశ్న: జీవమంటే ఏమిటో నిర్వచించకుండా దాన్ని సృష్టించామని ఎలా అంటారు?
– మహబూబ్‌నగర్ పాఠకుడు

జవాబు: మీ ఊళ్లోనే పిల్లలమర్రి ఉంది కదా. సుమారు ఏడు వందల ఏళ్లదని చెప్పే ఆ చెట్టులో ఏది మొదలో ఏది ఊడో చెప్పలేం. అది ఒక ప్రాణమా, వందా? 2018లో చెదలు పట్టినప్పుడు రోగికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి పురుగుమందు ఎక్కించారు. నిర్వచనం అడగకుండానే అందరికీ అది బతికున్నదని తెలుసు.

తనను తాను నిలుపుకుంటూ, డార్విన్ చెప్పిన పరిణామానికి లోనుకాగల రసాయన వ్యవస్థ అని నాసా వాడే నిర్వచనం ఒకటుంది. అలహాబాద్ విశ్వవిద్యాలయంలో కృష్ణ బహదూర్ 1960లలో సూర్యరశ్మిలో కొన్ని రసాయనాలుంచి చేసిన సూక్ష్మ బొట్లకు జీవాణు అని పేరు పెట్టారు. పెరుగుతున్నాయి, మొగ్గలు తొడుగుతున్నాయి అన్నారు. 1967లో నాసా తరఫున సమీక్షించినవారు వాటి స్వభావం ఇంకా తేలాల్సి ఉందని రాశారు. బొట్టు పెరగడం, చీలడం సబ్బు నురగా చేస్తుంది. తన రాతను తప్పొప్పులతో సహా పిల్లలకు అందించిందా అన్నదే గట్టి పరీక్ష. పేరులో జీవం ఉంటే చాలదు.

ప్రశ్న: తప్పు ఒప్పుకున్న శాస్త్రవేత్త ఎవరైనా ఉన్నారా, అందరూ జారుకునేవారేనా?
– సూర్యాపేట పాఠకురాలు

జవాబు: థామస్ హక్స్‌లీ. డార్విన్ పక్షాన నిలబడి కొట్లాడిన మనిషి. 1868లో, అంతకు పదకొండేళ్ల ముందు అట్లాంటిక్ సముద్రం అడుగు నుంచి తీసి సారాయిలో నిల్వ ఉంచిన బురదను పరీక్షించి, అందులోని జిగురు ఆదిమ జీవపదార్థమని ప్రకటించి, బేతీబియస్ అని నామకరణం కూడా చేశాడు. తర్వాత చాలెంజర్ అనే ఓడ సముద్రాలు గాలించింది. తాజా బురదలో ఆ జిగురు కనబడదు, సీసాల్లో నిల్వ ఉంచినదాంట్లోనే కనబడుతుంది. ఓడలోని రసాయన శాస్త్రవేత్త బుకానన్ చూస్తే, సముద్రపు నీటికి సారాయి కలిపితే జిప్సం విరిగి జిగురులా తేలుతోంది! 1875లో హక్స్‌లీ ఆ సంగతిని తానే పత్రికలో అచ్చు వేయించి తప్పు ఒప్పుకున్నాడు. నా ఎర్ర సిరా గుర్తొచ్చినప్పుడల్లా ఈయన్ను తలచుకుంటాను.

ప్రశ్న: మా ఇంట్లో బల్లి తోక తెగిపడి చాలాసేపు గిలగిల కొట్టుకుంది. తోకకు ప్రాణం ఉందా? దాన్ని పెంచితే ఇంకో బల్లి వస్తుందా?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, నకిరేకల్

జవాబు: నాన్నా, ప్రాణం ఉంది. కాసేపే. తోకలోని నరాలు, కండరాలు మెదడు చెప్పకపోయినా కొన్ని నిమిషాలు ఆడగలవు. పిల్లి ఆ తోకను చూస్తూ ఉండిపోతే బల్లి తప్పించుకుంటుంది. కానీ తోకకు నోరు లేదు, తిండి లేదు, గుడ్డు పెట్టలేదు. కాబట్టి బల్లికి కొత్త తోక వస్తుంది, తోకకు కొత్త బల్లి రాదు. కప్ప కణాలతో అమెరికాలో 2020లో చేసిన జెనోబాట్ల గురించి బతికున్న రోబోలని చదివి ఉంటావు. అవీ కొంతవరకు ఇలాంటివే. కణాలు కప్పవి, పేర్చిన తీరు మనుషులది.

నువ్వు గడియారం చూసి ఉంటే ఎన్ని నిమిషాలు ఆడిందో రాసి పంపు. ఈసారి తెగినప్పుడు చూసినా చాలు. బల్లిని మాత్రం నువ్వు బెదిరించకు.